56 ఏళ్లకు కనుబొమలకు పర్మనెంట్ మేకప్ వేయించుకోవచ్చా?

కనుబొమల తోకవైపు మూడో వంతు దాదాపు రాలిపోయింది. థైరాయిడ్ అనుమానంతో పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 2.8, మామూలే. ఆరు నెలలు రోజూ రాత్రి ఆముదం రాశాను, కొత్తగా ఒక్క వెంట్రుకా మొలవలేదు. చర్మం జిడ్డు కావడంతో పొద్దున 8కి దిద్దిన వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ మధ్యాహ్నానికి కణతల మీదికి పాకుతోంది. పైగా చత్వారం: కళ్లద్దాలు తీస్తే గీత కనపడదు, పెట్టుకుంటే పెన్సిల్ ఆనదు!

జిడ్డు చర్మంలో మైక్రోబ్లేడింగ్ (సన్నని సూదుల బ్లేడుతో వెంట్రుకల్లా గీసి చర్మంలోకి రంగు ఎక్కించడం) గీతలు త్వరగా అలుక్కుపోతాయి కాబట్టి, మెషిన్‌తో సన్నని చుక్కలుగా వేసే పౌడర్ బ్రోస్ వైపే నా మొగ్గు. వీటిలో వాడే ఐరన్ ఆక్సైడ్ రంగులు వెలిసేకొద్దీ ఎరుపెక్కొచ్చు, కార్బన్ నలుపు బూడిద నీలంగా తేలొచ్చు. ఎరుపెక్కినదాన్ని లేజర్‌తో తీయించబోతే ఒక్కోసారి నల్లబడుతుంది కూడా. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాను. తేలనిది ఒక్కటే. ఇవాళ కనుబొమ ఎముక మీద సరిగ్గా కూర్చోబెట్టిన తోక, చర్మం జారేకొద్దీ రెప్ప మీదికి దిగదా?

50 దాటాక పౌడర్ బ్రోస్ వేయించుకుని కనీసం ఐదేళ్లయినవాళ్లు చెప్పండి: మీ తోక చివర వేసినచోటే ఉందా, కిందికి జారిందా?