లాగిన్ కాకపోతే వెంటనే ‘రిపేర్’ కొట్టాలా, ముందు ఫైలు కాపీ తీయాలా?

గూడెం_అకౌంట్స్:
అందరికీ నమస్కారమండి. తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. ధాన్యం కొనుగోలు, కాటా తూకాలు, రైతుల చెల్లింపులు అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2003 అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో చేయించిన సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. చేసినాయన ఇప్పుడు ఫోనుకి దొరకడం లేదు. డేటా అంతా ఉండే ఎండీబీ ఫైలు ఆఫీసు సిస్టమ్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని ఇంకో మూడు సిస్టమ్‌ల నుంచి కూడా తెరుస్తాం.

శనివారం సాయంత్రం పని మధ్యలో కరెంటు పోయింది. ఈ ఉదయం రెండు సమస్యలు కనబడ్డాయి. కాటా గదిలోని సిస్టమ్‌ని శుక్రవారం ఫార్మాట్ చేయించాం. అందులో ఫైలు తెరిస్తే పేరు, పాస్‌వర్డ్ అడగకుండానే ‘మీకు అనుమతి లేదు’ అని ఇంగ్లీషులో మెసేజ్ వచ్చి ఆగిపోతోంది. మిగతా వాటిలో లాగిన్ అవుతోంది కానీ, చెల్లింపుల లిస్టులో కొన్ని వరుసల నిండా ‘డిలీటెడ్’ అని పడుతోంది. ఆ వరుస మీదికి వెళ్తే ప్రోగ్రామే మూసుకుపోతోంది.

మా బావగారు ‘యాక్సెస్‌లోనే ఫైలుని కుదించి సరిచేసే కాంపాక్ట్ అండ్ రిపేర్ ఉంది, అది కొట్టెయ్, ఐదు నిమిషాల పని’ అంటున్నారు. నాకు ధైర్యం చాలట్లేదు. బుధవారం రైతులకు డబ్బులు వేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది. కొట్టాలా, వద్దా?

బెజవాడ_సర్వీస్:
మీ బావగారు చెప్పింది కరెక్టేనండి. కరెంటు పోయినప్పుడు యాక్సెస్ ఫైలు పాడవడం మామూలే, రిపేర్ ఆప్షన్ ఇచ్చింది అందుకే. అందరినీ బయటికి రమ్మని, ఒక్క సిస్టమ్‌లో ఫైలు తెరిచి టూల్స్‌లోంచి కొట్టండి. నేను ఎన్నో షాపుల్లో చేశాను. భయపడి ఆఫీసు ఆపుకుంటే నష్టం ఎక్కువ.

పాత_ఎండీబీ_డెవలపర్:
గూడెం గారూ, దయచేసి ఇప్పుడే రిపేర్ కొట్టకండి. మీకు వచ్చినవి రెండు వేర్వేరు సమస్యలు. వాటిని కలిపి చూస్తే రెండూ ముదురుతాయి.

ముందు లాగిన్ సంగతి. యాక్సెస్ 2003లో యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఎండీబీలో ఉండవు. వర్క్‌గ్రూప్ ఫైలు అని ఇంకొకటి ఉంటుంది, దాని పేరు చివర ఎండీడబ్ల్యూ అని ఉంటుంది. ఏ టేబుల్‌ని ఎవరు తెరవవచ్చు అనే అనుమతులు మాత్రం ఎండీబీలో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ప్యాకేజీ కొత్తగా ఎక్కించినప్పుడు యాక్సెస్ తనదైన ఖాళీ సిస్టమ్ ఎండీడబ్ల్యూని వాడుకుంటుంది. అందులో ‘అడ్మిన్’ ఒక్కడే ఉంటాడు, అతనికి పాస్‌వర్డ్ ఉండదు. అందుకే మీ కాటా సిస్టమ్ ఏమీ అడగకుండా నేరుగా అడ్మిన్‌గా లోపలికి వెళ్లబోయింది, మీ ఎండీబీ ఆ అడ్మిన్‌ని ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ అడిగి, సరిగ్గా కొట్టినా తప్పు అంటే అది వేరే కథ. అసలు అడగడమే మానేసిందంటే ఫైలు పాడైందని కాదు, ఆ సిస్టమ్ వేరే ఎండీడబ్ల్యూని చూస్తోందని.

లాగిన్ అవుతున్న సిస్టమ్‌లో డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌కి ప్రాపర్టీస్ తెరిచి, టార్గెట్ గడిలో ‘వర్క్‌గ్రూప్’ అని సూచించే భాగం తర్వాత ఏ ఫైలు దారి ఉందో చూడండి. అదే షార్ట్‌కట్ కాటా సిస్టమ్‌లోకి తెచ్చుకుని, దారులు అక్కడ సరిపోయేలా చూసుకుంటే చాలు. ఆ ఎండీడబ్ల్యూ ఫైలుని ఇవాళే పెన్‌డ్రైవ్‌లో దాచండి. అది పోతే, మొదట తయారు చేసినప్పుడు ఇచ్చిన పేరు, సంస్థ పేరు, వర్క్‌గ్రూప్ ఐడీ, ఒక్కో యూజర్ పీఐడీ (అతనికిచ్చిన సొంత గుర్తింపు కోడ్) పెద్దక్షరాలు చిన్నక్షరాలతో సహా అచ్చంగా అలాగే ఇస్తే తప్ప తిరిగి పుట్టించలేరు. వాటిని కాగితం మీద రాసిపెట్టుకున్న ఆఫీసు నేను ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు.

ఇక ‘డిలీటెడ్’ వరుసలు. అది నిజంగానే ఫైలు పాడవడం. మీ ఎండీబీకి కాపలాగా సర్వర్ ప్రోగ్రామ్ ఏదీ లేదు. ప్రతి సిస్టమ్ నెట్‌వర్క్ మీదుగా తానే ఫైల్లోకి పేజీలనే 4 కేబీ ముక్కలుగా రాస్తుంది. ఆ రాత సగంలో తెగితే పేజీ అతుకు ఊడుతుంది. పొడవైన రాతలు పట్టే మెమో గళ్లు విడి పేజీల్లో ఉంటాయి కాబట్టి తరచుగా ముందు దెబ్బ తినేవి అవే. ఒక విషయం చెప్పండి: శనివారం సిస్టమ్‌లు ఆగాయా, యూపీఎస్ మీద నడుస్తూనే ఉన్నాయా?

గూడెం_అకౌంట్స్:
సిస్టమ్‌లు నడుస్తూనే ఉన్నాయి సార్, అన్నిటికీ యూపీఎస్ ఉంది. గోడకు బిగించిన నెట్‌వర్క్ స్విచ్‌కి మాత్రం లేదు. మీరు అడిగాకే నాకు ఆ సంగతి తట్టింది.

బెజవాడ_సర్వీస్:
కరెంటు లేక స్విచ్ ఆగి, రాత మధ్యలో తెగిందన్న సంగతి ఒప్పుకుంటాను, లాగిన్ సంగతి కూడా. కానీ డెవలపర్ గారూ, రిపేర్ అంటే ఇంత భయం ఎందుకు? అది కొత్త ఫైలు తయారు చేసుకుని అందులోకే కదా ఎక్కిస్తుంది?

పాత_ఎండీబీ_డెవలపర్:
కొత్త ఫైలే తయారవుతుంది, నిజం. కానీ మీరు టూల్స్‌లోంచి కొట్టినప్పుడు చివర్లో పాత ఫైలుని తీసేసి, కొత్తదానికి అదే పేరు పెడుతుంది. చదవలేని వరుసలని వదిలేసి మిగతావి ఎక్కిస్తుంది. ఒక్కోసారి ప్రైమరీ కీ, అంటే ఒకే నంబరు రెండు వరుసల్లో పడకుండా ఆపే కట్టు, కూడా ఎగిరిపోతుంది. అలా జరిగితే, ఒకే చీటీ నంబరు రెండుసార్లు ఎక్కినా అడిగేవాడుండడు. ఎర్రర్లు రాసే చిన్న టేబుల్ ఒకటి వదులుతుంది కానీ, దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఫైలు గబుక్కున తెరుచుకునేసరికి అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పోయిన వరుసల సంగతి ఆడిట్‌లో బయటపడుతుంది. ఇవి రైతుల డబ్బులు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రిపేర్ తప్పని నేననను. అసలు ఫైలు మీద చేయడం తప్పు. గూడెం గారూ, అందరూ బయటికి వచ్చాక ఫోల్డర్‌లో అదే పేరుతో ఎల్‌డీబీ అని చివర ఉన్న ఫైలు (ఎండీబీని ఎవరు తెరిచారో రాసుకునే తాళం ఫైలు) మిగిలిందేమో చూడండి. ఆఖరి మనిషి బయటికి వస్తే అది దానంతట అదే పోవాలి. పోలేదంటే ఎక్కడో ఒక సిస్టమ్‌లో యాక్సెస్ ఇంకా బతికే ఉంది, లేదా మధ్యలో చచ్చిపోయింది, లేదా ఆ ఫోల్డర్‌లో తుడిచే అనుమతి లేదు. అది తేల్చుకున్నాకే ఎండీబీని వేరే సిస్టమ్‌లోకి కాపీ చేసి, రిపేర్ ఆ కాపీ మీద కొట్టండి. తెరుచుకునే ప్రతి టేబుల్‌లోనూ రిపేర్‌కి ముందు ఎన్ని వరుసలున్నాయో, తర్వాత ఎన్నున్నాయో కాగితం మీద రాసి పోల్చండి. చెల్లింపుల టేబుల్ అప్పటికీ మొండికేస్తే, సరైన ఎండీడబ్ల్యూతో లాగిన్ అయి ఖాళీ ఎండీబీ ఒకటి తెరిచి, మిగతావన్నీ అందులోకి ఇంపోర్ట్ చేయండి. ఆ ఒక్క టేబుల్‌ని మాత్రం చీటీ నంబర్ల వారీగా ముక్కలు ముక్కలుగా తెచ్చుకోండి. ఏ ముక్క దగ్గర ఆగిందో అక్కడే పాడైన వరుస ఉన్నట్టు.

బెంగళూరు_డీబీఏ:
మన్నించాలి, ఇద్దరూ అసలు విషయం వదిలేస్తున్నారు. ఇప్పటికీ నలుగురు కలిసి ఎండీబీలో రాయడమేంటి? ఎండీబీ స్థానంలో 2007లో వచ్చిన ఏసీసీడీబీ ఫార్మాట్‌లో ఈ యూజర్ లాగిన్ పద్ధతినే మైక్రోసాఫ్ట్ తీసేసింది. ఎండీబీకి 2 జీబీ గీత ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సర్వర్ ప్రోగ్రామ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితం, 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ ఇస్తుంది. పైగా అందులో లావాదేవీల లాగ్ (ప్రతి మార్పునీ రాసుకునే చిట్టా) ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా సగం రాతని తనే వెనక్కి తీసుకుంటుంది. డేటా అందులో పెట్టి, ఇప్పుడున్న ఫారాలనే (వివరాలు ఎక్కించే తెరలని) దానికి లింక్ చేసుకోవచ్చు.

బెజవాడ_సర్వీస్:
బుధవారం లోపా అండి? ఇల్లు కాలుతుంటే బావి తవ్వమన్నట్టుంది. సీజన్‌లో మిల్లు అకౌంటెంటు ఎక్స్‌ప్రెస్ ఎక్కించుకుని, దానికి బ్యాకప్ షెడ్యూల్ ఎవరితో పెట్టించుకుంటారు?

పాత_ఎండీబీ_డెవలపర్:
దీర్ఘకాలంలో బెంగళూరు గారు చెప్పింది నిజం. కానీ పాడైన టేబుల్‌ని సర్వర్‌లోకి ఎక్కించినంత మాత్రాన అది బాగుపడదు. శుభ్రం చేశాకే తరలించాలి.

ఇంకో మాట. ఫైలు అప్‌లోడ్ చేస్తే బాగుచేసి ఇస్తామనే సైట్లు, ఎండీడబ్ల్యూ పాస్‌వర్డ్ తీసిపెడతామనే టూల్స్ కనబడతాయి. మీ ఫైల్లో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి కదా. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో అవి పెట్టకండి.

గూడెం_అకౌంట్స్ (మంగళవారం రాత్రి):
అందరికీ ధన్యవాదాలు. జరిగింది రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

షార్ట్‌కట్ మార్చగానే కాటా సిస్టమ్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది, లోపలికి వెళ్లింది. రిపేర్‌కీ దానికీ సంబంధమే లేదు. ఎల్‌డీబీ ఫైలు నిజంగానే మిగిలి ఉంది. గోడౌన్ సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే యాక్సెస్ లోపల ఇంకా నడుస్తోంది. దాన్ని ఆపాక కాపీ తీశాను.

కాపీ మీద రిపేర్ కొడితే అయిపోయిందని చెప్పింది, ఫైలు చక్కగా తెరుచుకుంది. వరుసలు లెక్కపెడితే చెల్లింపుల్లో మూడు తగ్గాయి. లెక్కపెట్టకపోతే నాకు తెలిసేదే కాదు. చీటీ నంబర్ల వారీగా వెతికితే ఆ మూడూ శనివారం సాయంత్రానివే. కాటా చీటీల కట్ట తీసి, తూకం, తేమ కోత, రేటు చూసుకుని మళ్లీ ఎక్కించాను. ప్రైమరీ కీ ఉంది, చూశాను. పాత ఫైలుని తేదీ రాసి పక్కన పెట్టాను. రేపు డబ్బులు వేస్తున్నాం. స్విచ్‌కి కూడా యూపీఎస్ తీగ లాగించాం.

బెజవాడ_సర్వీస్:
మూడు వరుసల సంగతి చదివాక నా పద్ధతి మార్చుకుంటున్నాను. ఇకపై ముందు కాపీ, తర్వాతే రిపేర్. కానీ ‘మూసేటప్పుడు కాంపాక్ట్ చెయ్యి’ అనే టిక్కు మాత్రం పెట్టుకోండి గూడెం గారూ. తుడిచేసిన వరుసల జాగా కాంపాక్ట్ చేసేదాకా తిరిగి రాదు, ఫైలు ఊరికే ఉబ్బిపోతుంది.

పాత_ఎండీబీ_డెవలపర్:
అక్కడ మాత్రం ఒప్పుకోలేనండి. అందరూ కలిసి వాడే ఫైలుకి ఆ టిక్కు పెడితే, రోజూ సాయంత్రం ఆఖరున మూసినవాళ్ల సిస్టమ్ నెట్‌వర్క్ మీదుగా ఫైలు మొత్తాన్ని తిరగరాస్తుంది. మీ దగ్గర కరెంటు పోయింది కూడా సాయంత్రమే. వారానికోసారి, ఫైలున్న సిస్టమ్‌లోనే, కాపీ తీశాక చేత్తో కొట్టండి. డేటా టేబుళ్లని ఒక ఎండీబీలోకి, ఫారాలని వేరే ఎండీబీలోకి విడదీసి, ఫారాలది ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో కాపీ పెట్టుకుంటే ఇంకా నయం. సీజన్ అయ్యాక ఇక్కడే అడగండి, కూర్చుని చేద్దాం.