అప్‌డేట్: ప్రెగ్నెన్సీ టెస్టు కార్డు మీద లేత రెండో గీత, చివరికి ఏం తేలింది

ఇంట్లో ప్రెగ్నెన్సీ కార్డుతో చూసుకుంటే టి (ఫలితం గీత పడే చోటు) దగ్గర లేత గీత వచ్చింది, గర్భమా కాదా అని పోయిన వారం ఇక్కడ అడిగాను. గర్భమే. జవాబిచ్చిన అక్కలందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా ఇది: కొత్త కార్డు తెచ్చి, పొద్దున్నే మొదటి మూత్రంతో, ఎస్ గుంటలో (మూత్రం వేసే చోటు) 3 చుక్కలే వేసి, గడియారం పెట్టుకుని 5 నిమిషాలకి చూడటం. ఈసారి గీత గులాబీ రంగులో, సి గీతంత (కార్డు పనిచేస్తోందని చూపే గీత) మందంగా పడింది. మొదటిసారి సాయంత్రం చేశాను, అదీ రెండు కొబ్బరి బోండాలు తాగాక (కోనసీమలో ఎండలకి ఇంకేం తాగుతాం!). మూత్రం పల్చబడితే అందులో కార్డు పట్టుకునే గర్భం హార్మోను కూడా పల్చబడుతుంది, గీత వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పది నిమిషాలు దాటాక బూడిద రంగులో తేలేది మాత్రం ఆరిన మరక, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అమలాపురంలో డాక్టరుగారు బీటా హెచ్‌సీజీ (రక్తంలో ఆ హార్మోను ఎంతుందో చూసేది) రక్తపరీక్ష రాశారు: మొదట 64, సరిగ్గా 48 గంటలకి 141, అంటే రెట్టింపుకి పైనే. ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేమట, పెరిగే తీరే ముఖ్యం. స్కానింగు ఇంకో రెండు వారాలకి. ఇప్పుడే చేస్తే పిండం పెరిగే సంచి కనపడదన్నారు. ఈలోగా ఒకపక్క కడుపునొప్పి గానీ, రక్తం కనపడటం గానీ ఉంటే ఆగకుండా రమ్మన్నారు.

గీత లేతగా రావడానికి కారణమేమో అని నేను అనుమానపడ్డ పారాసిటమాల్‌కీ, కార్డు ధరకీ దానితో సంబంధమే లేదు.