అమ్మ కాలి పుండు ఏడాదైనా మానట్లేదు, బయాప్సీ చేయించొచ్చా?

ప్రశ్న:
అమ్మకి ఎన్నో ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అండి, మెథోట్రెక్సేట్ వాడుతుంది, మధ్యలో చాన్నాళ్లు అజాథియోప్రిన్ కూడా వాడింది. ఎడమ చీలమండ పైన పుండు పడి ఏడాది దాటింది, ఒక డాక్టరు సిరల జబ్బన్నారు, ఇంకొకరు వాస్క్యులైటిస్ (రక్తనాళాల వాపు) అని స్టిరాయిడ్ పెంచారు, కాస్త ఎండినట్టే ఎండి మళ్లీ మొదటికొచ్చింది. ఈమధ్య ఒక పక్క అంచు గట్టిపడి దొన్నె అంచులా పైకి లేచింది, కట్టు విప్పితే చాలు రక్తం, వాసన. కొత్త డాక్టరు బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) అంటున్నారు, పెద్దమ్మేమో క్యాన్సరైతే కత్తి పెడితే పాకుద్దని ఒకటే గోల.

జవాబు 1:
స్కిన్ ఓపీలో పనిచేస్తానండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకదు, పెద్దమ్మగారికి గట్టిగా చెప్పండి. మానని పుండ్లు చాలావరకు క్యాన్సర్ కావు, కానీ సరైన వైద్యం చేస్తున్నా మూడు నెలల్లో తగ్గకపోతే, అంచు లేస్తే, ముట్టుకుంటే రక్తం కారుతుంటే తేల్చుకోవాల్సిందే. పాత పుండులో పుట్టే ఈ క్యాన్సర్‌ని మార్జొలిన్ అల్సర్ అంటారు, ఎక్కువగా స్క్వేమస్ సెల్ రకం, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టేది. ఇమ్యూనిటీని తగ్గించే మందులు, ముఖ్యంగా అజాథియోప్రిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లకి చర్మ క్యాన్సర్ రిస్క్ ఎక్కువ.

జవాబు 2:
మా మామగారికి లూపస్ (ఒంటి ఇమ్యూనిటీయే ఒంటి మీద దాడి చేసే జబ్బు), ఆయనకీ ఇలాగే పిక్క మీద. మొదటి బయాప్సీలో ఏం లేదని వస్తే అందరం ఊపిరి పీల్చుకున్నాం, పుండు మాత్రం పెరుగుతూనే ఉంది. అప్పుడు వేరే సర్జన్ లేచిన అంచు నుంచి రెండు మూడు చోట్ల లోతుగా ముక్కలు తీయిస్తే స్క్వేమస్ సెల్ అని తేలింది. గజ్జల్లో గడ్డలకి స్కాన్, ఎముక దాకా వెళ్లిందేమోనని ఎమ్మారై, ఆ తర్వాత చుట్టూ మంచి చర్మంతో కలిపి తీసేసి తొడ చర్మం అతికించారు. కాలు దక్కింది. ఇంకా ఆలస్యమై ఎముకకి పాకితే కాలే తీసెయ్యాల్సి వస్తుందన్నారు, అందుకే చెప్తున్నా, నాన్చకండి.

జవాబు 3:
ఒక్క మాట అండి, కీళ్లవాతం ఉన్నవాళ్లకి పయోడెర్మా గాంగ్రినోసమ్ అనే పుండూ వస్తుంది, దానికి కత్తి తగిలితే పుండు పెద్దదయ్యే ఛాన్స్ ఉంది. అలాగని బయాప్సీ మానక్కర్లేదు, జబ్బు సంగతి, ఇప్పటిదాకా వాడిన మందులన్నీ ముందే చెప్పండి, రక్తం పల్చబడే బిళ్లలుంటే అవి కూడా. అదే టైంలో టీబీ, ఫంగస్ కల్చర్‌కి ఇంకో ముక్క పంపుతారేమో అడగండి. మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు ఆపకండి, రుమటాలజిస్ట్‌ని అడిగాకే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి అందరికీ. పెద్దమ్మకి ఇవన్నీ చదివి వినిపించా, తనూ వస్తానంది. సోమవారం తీసుకెళ్తున్నాం, అంచు నుంచే తియ్యమని అడుగుతా.