వాగు అనాలా, గెడ్డ అనాలా?

మొన్న ఆదివారం విశాఖలో ఒక చిత్ర ప్రదర్శనకు మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఒక నీటిరంగుల బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అనంతగిరి కొండలు, పైన మంచు, కింద రాళ్ళ మధ్యనుంచి దిగే నీళ్ళు. ఆ నీళ్ళకి రంగే వెయ్యలేదు. కాగితాన్ని అలాగే తెల్లగా వదిలేసి, చుట్టూ రాళ్ళకి మాత్రం ముదురు రంగు వేశారు. దాంతో నీళ్ళు నిజంగానే ఎండకి మెరుస్తున్నట్టున్నాయి. కింద చీటీ మీద ‘కొండవాగు’ అని ఉంది.

“ఇది గెడ్డ” అన్నాను, పైకే. మా ఉత్తరాంధ్ర వైపు వాగుని గెడ్డ అనే అంటాం. మా అమ్మాయి వెంటనే “గెడ్డంటే మురుగుకాలవ కదమ్మా?” అంది.

దాని తప్పు లేదు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అని మన ఊళ్ళో అది చూసినవన్నీ ముక్కు మూసుకుని దాటేవే. నాకు మాత్రం గెడ్డ అంటే మా నాన్న గొంతు. సెలవుల్లో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కేవాళ్ళం. శృంగవరపుకోట దాటాక అన్నయ్యా నేనూ సొరంగాలు లెక్కపెట్టేవాళ్ళం. నాన్న మాత్రం కిటికీ పక్కన కూర్చుని గెడ్డలు లెక్కపెట్టేవారు. “అదిగో గుంటా, ఇంకో గెడ్డ!” అనేలోపే (గుంటా అంటే మా వైపు పిల్లా అని) రైలు చీకట్లోకి దూరేది. మా లెక్క, ఆయన లెక్క ఏనాడూ పూర్తవలేదు. బొర్రా స్టేషన్లో అమ్మ పులిహోర పొట్లాలు విప్పేది. అరకు వెళ్ళాక చాపరాయి. చాప పరిచినట్టున్న రాతి మీంచి నీళ్ళు జారుతుంటే, నాన్న ప్యాంటు మడిచి మా ఇద్దరి చేతులూ పట్టుకుని దిగేవారు. ఆయన నోట ‘వాగు’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

మీ వైపు ఈ మాట ఉందా? పుస్తకాల్లో నాకు పెద్దగా ఎందుకు కనిపించదు?

వరంగల్ నుంచి ఒకరు: మాకు వాగే అక్కా. చిన్నదైతే ఒర్రె. గెడ్డ అంటే ‘గడ్డ’ని మీ వైపు అలా పలుకుతారేమో అనుకున్నాను. గడ్డం, గెడ్డం లాగా.

అనంతపురం నుంచి ఒకరు: మాకు వంక. వాన పడితేనే పారుతుంది.

పార్వతీపురం నుంచి ఒకరు: మాకు ఇప్పటికీ గెడ్డేనండి. “గెడ్డ పొంగింది, బడికి ఎల్లొద్దు” అనేది మా అమ్మ. వట్టిగెడ్డ, పెద్దగెడ్డ అని ప్రాజెక్టుల పేర్లే ఉన్నాయి కదా.

వరంగల్ తమ్ముడూ, గడ్డం–గెడ్డం పోలిక బాగుంది. అక్కడ రెండూ ఒకటే. కానీ మా దగ్గర గడ్డ వేరు, గెడ్డ వేరు. కాలికి లేచేది గడ్డ, కాలు పెట్టేది గెడ్డ. ఆ ఒక్క ఎత్వం తీసేస్తే నీళ్ళు పోతాయి. అందుకే ఎవరైనా దీన్ని అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తే నాకు బాధగా ఉంటుంది.

పార్వతీపురం వారు ప్రాజెక్టుల పేర్లు చెప్పాక గుర్తొచ్చింది. పెందుర్తి దగ్గర మేహాద్రిగెడ్డ ఉంది. విశాఖ తాగే నీళ్ళలో కొంత ఆ రిజర్వాయరు నుంచే వస్తుంది. అంటే మేం తాగేదీ గెడ్డ నీళ్ళే, మురుగు వదిలేదీ గెడ్డలోకే. మాట చెడిపోలేదు, ఊళ్ళోకొచ్చాక నీళ్ళు చెడిపోయాయి. రాత్రి మా అమ్మాయికి ఇదే చెప్తే “మరి నువ్వు చెప్పే గెడ్డ ఇప్పటికీ ఉందా?” అని అడిగింది.

వచ్చే శనివారం రైలుకి టికెట్లు తీశాను. గెడ్డలు లెక్కపెట్టే పని దానికి అప్పజెప్పాను.