సమస్య: శ్రద్ధ గలుగువాఁడె చదువు విడిచె

పర్లాకిమిడి పంతులు (నిర్వాహకుడు): ఈ వారం లైను ఇదీ, దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. మనవడి మార్కుల కార్డు మీద "శ్రద్ధ తక్కువ" అని రాసి పంపారు, అదే పూట గీతలో "శ్రద్ధావాన్ లభతే జ్ఞానమ్" కంటపడింది, అక్కడ నమ్మకం ఇక్కడ ధ్యాస, రెంటికీ ఒకటే మాట కదా అనిపించి లైను అలా వచ్చేసింది. అమ్మాయి పేరు శ్రద్ధ అని మాత్రం పూరించకండి, అది అందరికీ తడుతుంది.

రాయగడ రైల్వే:
హరిని నమ్మినట్టి యసురేంద్ర తనయుండు
గురుల పాఠ మెల్లఁ గొట్టివైచి
మనసు మాధవుపయి మరలించి సేవించె
శ్రద్ధ గలుగువాఁడె చదువు విడిచె

గుణుపురం అక్కయ్య: నడక బాగుంది తమ్ముడూ. కానీ ప్రహ్లాదుడు చదువు మానేశాడని ఎవరు చెప్పారు? పోతన గారి ప్రహ్లాదుడు తండ్రి ఎదుట నిలబడి "చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ" అన్నాడు, అంటే మానెయ్యలేదు, అందరికంటే ఎక్కువే చదివాడు. భక్తుడికి చదువు రాదనే మాట నాకు నచ్చదు.

రాయగడ రైల్వే: చండామార్కుల చదువు వదిలాడనే కదా అక్కయ్యా నేనన్నది, రెండో పాదం అందుకే.

బరంపురం బావ: నాది చూడండి. మా దగ్గర శ్రద్ధ అంటే వేరు.
ఒరియ కన్నెఁ జూచి యూహలోఁ దేలుచు
ప్రేమ పేరు శ్రద్ధ పిల్ల నోట
పుస్తకమ్ము మూసి పువ్వులు కొనితెచ్చె
శ్రద్ధ గలుగువాఁడె చదువు విడిచె

పర్లాకిమిడి పంతులు: ఓహో! సరిహద్దులో ఉన్నవాడికే తట్టే పూరణ బావూ ఇది. మూడో పాదం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

దెగ్లూరు మాస్టారు: పంతులుగారూ మెచ్చుకునుడు తర్వాత, "పేరు శ్రద్ధ" కాడ రు గురువు (బరువక్షరం) గాదా? సంయుక్తాక్షరం శ్ర ముందట ఉన్నది. బావగారికి ఇది అలవాటే, పోయినసారి ఠకురాణి జాత్ర పద్యంల గూడ రెండో పాదం యతి ఎగరగొట్టిండు, ఎవరూ అడగలే.

బరంపురం బావ: ఆ యతి మీద అప్పుడే మాట్లాడుకున్నాం మాస్టారూ, ప్రాసయతి అది, మీకు తప్ప అందరికీ కనబడింది. రెండేళ్ళకోసారి వచ్చే జాత్ర, మళ్ళీ వచ్చేదాకా తవ్వుతారేటి?

పర్లాకిమిడి పంతులు: జాత్ర సంగతి వదిలెయ్యండి. "పేరు" తెలుగు మాట, పక్కది వేరే పదం, సమాసం కాదు, రు లఘువే. పద్యం నిలబడింది.

గుణుపురం అక్కయ్య: గణాలు సరే, నాకు అర్థం దగ్గరే పేచీ ఉంది. ఒడియాలో శ్రద్ధ అంటే ఆప్యాయత, నిజమే, కానీ ఎక్కువగా పెద్దవాళ్ళు పిల్లల మీద చూపించేది, మా పక్కింటి ముసలావిడ నా కూతుర్ని దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ఆ మాటే వాడుతుంది. పూరీలో గుండిచా గుడి ముందు ఇసుకని శరధాబాలి అంటారు, అందులో ఉన్నదీ ఈ శ్రద్ధే. ప్రేమికుల మధ్య ప్రేమ అనే అంటారు, అందుకని ఆ పిల్ల నోట ఈ మాట కొంచెం అతకలేదు బావా.

బరంపురం బావ: కాలేజీ పిల్లలు కూడా అంటారు అక్కయ్యా, నేను విన్నదే రాశాను.

దెగ్లూరు మాస్టారు: సరే, మా దిక్కు ముచ్చట వినుండ్రి. మరాఠీల శ్రద్ధ అంటే దేవుని మీద నమ్మకమే, ధ్యాస అనే అర్థంల ఎవరూ వాడరు. దానికి అంధ తగిలిస్తే మూఢనమ్మకం. 2013ల జాదూటోణా విరోధి కాయదా, అంటే చేతబడుల మీద చట్టం, వచ్చినా మంత్రగాళ్ళ కాడికి పోవుడు ఆగలే, అది చూసి కడుపు మండి రాసిన.
జ్వరము వచ్చెనంచు శాంతులు చేయించి
మందు మాని పట్టె మంత్రగాని
పట్టభద్రుఁ డయ్యుఁ బామరుం డగు నంధ
శ్రద్ధ గలుగువాఁడె చదువు విడిచె

రాయగడ రైల్వే: అంధ అని పై పాదంలో ఆపడం అదిరింది మాస్టారూ. చదువు విడవడం అంటే బడి మానడం కాదు, చదువుకున్నది వదిలెయ్యడం అన్నమాట.

బరంపురం బావ: భావానికి దణ్ణం. కానీ మాస్టారూ, నా "రు"ని పట్టుకున్నారు కదా, "అంధశ్రద్ధ" సమాసమే కదా, అక్కడ ధ గురువు కాదేటి? పాదం చివర ఇంద్రగణం రావాలి, రెండు గురువులతో ముగిసే ఇంద్రగణం ఎక్కడుంది?

దెగ్లూరు మాస్టారు: పాదం విరిగిన కాడ అంత పట్టింపు అక్కర్లేదు.

పర్లాకిమిడి పంతులు: అక్కరుంది. పాదం మారినా మాట ఒకటే.

గుణుపురం అక్కయ్య: నేనూ ఆ దారిలోనే వెళ్ళాను, మార్కుల కార్డు అర్థంతో.
ఫోను చేతఁ బట్టి పొద్దెల్లఁ గడపిన
పాఠ మెట్టు లబ్బు బాలకునకు
తిట్టనేల గురువుఁ దెలిసెఁగా పిల్లఁ డ
శ్రద్ధ గలుగువాఁడె చదువు విడిచె

బరంపురం బావ: అక్కయ్యా!! "పిల్లఁ డ" దగ్గర డ గురువనుకుంటే రగణం, లఘువనుకుంటే భగణం, రెండూ ఇంద్రగణాలే, ఎటు లెక్కేసినా నిలుస్తుంది, ఎవరూ వేలు పెట్టలేరు. పిల్లడు అని మన వైపు మాట పడడం ఇంకా బాగుంది.

పర్లాకిమిడి పంతులు: అశ్రద్ధ అని విరవడం పాత ఉపాయమే, కానీ ఇంత శుభ్రంగా కుదరడం అరుదు. మాస్టారి భావం పోకూడదని నా సవరణ ఒకటి: "పట్టభద్రుఁ డయ్యుఁ బశువయ్యెఁ దామస / శ్రద్ధ గలుగువాఁడె". గీత పదిహేడో అధ్యాయం శ్రద్ధని మూడు రకాలంది, సాత్త్వికం, రాజసం, తామసం. మీరు తిట్టేది ఆ మూడోదాన్నే. ఇక్కడా రగణమైనా భగణమైనా సరిపోతుంది.

దెగ్లూరు మాస్టారు: గణం కుదిరింది, గీత గూడ కుదిరింది. గానీ తామసశ్రద్ధ అంటే మా ఊర్ల ఎవరికి తెలుస్తది పంతులుగారూ? అంధశ్రద్ధ అంటే బస్టాండుల పిల్లగానికి గూడ తెలుస్తది. ఆ మాట ఉండాల్నే, నేను మూడో పాదం మొత్తం మార్చి రేపు పెడుత.

పర్లాకిమిడి పంతులు: పెట్టండి. రేపు రాత్రి దాకా లైను తెరిచే ఉంచుతాను, బావ కూడా ఆగుతాడు.

బరంపురం బావ: ఆగుతాను, ధ దగ్గరే కూర్చుంటాను.