గుత్తాధిపత్యమా, ఏకస్వామ్యమా?

ప్రశ్న: అక్కా, హన్మకొండలో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. అమెరికాలో పరిశ్రమలు, నగరాలు ఒక్కసారిగా పెరిగిన కాలం గురించి వ్యాసం రాస్తుంటే టెన్షన్ పట్టుకుంది. మోనోపలీకి ఎకనామిక్స్ పుస్తకంలో ‘ఏకస్వామ్యం’ అని ఉంది, పేపర్లలో ‘గుత్తాధిపత్యం’ అంటున్నారు. ఏది రాయాలి?

జవాబు: తమ్ముడూ, సిద్ధాంతం అడిగితే ఏకస్వామ్యం రాయి. చరిత్ర అడిగితే గుత్తాధిపత్యమే రాయి.

ఏకస్వామ్యం అంటే సరుకు అమ్మేవాడు ఒక్కడే ఉండటం. మరి అమెరికా వ్యాపారి రాక్‌ఫెల్లర్ పెట్టిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సంగతి చూడు. 1870లో క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి అమెరికాలో చమురు శుద్ధి సుమారు 90 శాతం దాని చేతికి వచ్చింది. మిగతా పది శాతం వేరేవాళ్లు చేస్తూనే ఉన్నారు, కాబట్టి ‘ఏక’ కుదరదు. కానీ ధర దగ్గర వాళ్ల మాట చెల్లదు. ఆ పెత్తనం ఆధిపత్యం అనే మాటలో ఉంది.

గుత్త మన ఊళ్ల మాట, మొత్తానికి ఇంత అని ముందే మాట్లాడుకుని ఒప్పుకోవడం. మామిడితోట గుత్తకిస్తారు. చెరువులో చేపలు గుత్తకు పడతారు. ఆడవాళ్లు గుంపుగా కలిసి నాట్లు గుత్తకు వేస్తారు. తమిళంలో కుత్తగై, కన్నడలో గుత్తిగె ఉన్నాయంటే దీని వేళ్లు చాలా పాతవి. నిజాం రాజ్యంలో ఒకప్పుడు శిస్తు వసూలునే గుత్తకిచ్చేవారు. సర్కారుకు ఇంత కడతానని ఒప్పుకున్నవాడు రైతు దగ్గర అందినంత పిండుకునేవాడు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పద్ధతిని మాన్పించాడు. నాట్ల గుత్తలో కష్టమే తప్ప పెత్తనం లేదు, శిస్తు గుత్తలో ఉన్నదంతా పెత్తనమే. అందుకే గుత్త పక్కన ఆధిపత్యం చేరిస్తేనే అర్థం పూర్తయిందని నేననుకుంటాను.

రాక్‌ఫెల్లర్‌కు సర్కారు గుత్త ఇవ్వలేదు. ఆ పని రైలు కంపెనీలు చేశాయి. సరుకు ఎక్కువ పంపుతాడని అతనికి చార్జీలో రహస్యంగా తగ్గింపు ఇచ్చేవి, చిన్న వ్యాపారి దగ్గర మాత్రం పూర్తి చార్జీ తీసుకునేవి. 1872లో కొద్ది వారాల్లోనే క్లీవ్‌లాండ్‌లో పోటీ కర్మాగారాలు చాలావరకు అతని సొంతమయ్యాయి. గంపగుత్తగా కొనడమంటే అదే! మన వరంగల్‌కు రైలు, తర్వాత 1934లో అజంజాహి మిల్లు పనిమనుషులను తెచ్చినట్టే, అక్కడ కూడా రైలూ ఫ్యాక్టరీలూ జనాన్ని తెచ్చాయి. 1870లో 93 వేల లోపు ఉన్న క్లీవ్‌లాండ్ జనాభా 1900కు 3.8 లక్షలు దాటింది. ఊరిని పెంచిన రైలే చిన్నవాళ్ల గొంతు కూడా పట్టుకుంది. వ్యాసంలో ఈ సంగతి తప్పకుండా రాయి. 1890లో గుత్తాధిపత్యాలను అడ్డుకోవడానికి తెచ్చిన షెర్మన్ చట్టం, 1911లో సుప్రీంకోర్టు తీర్పుతో కంపెనీ 34 ముక్కలు కావడం కూడా రాస్తే చాలు.

వ్యాఖ్య: మేడం, గుత్త తెలుగు, ఆధిపత్యం సంస్కృతం. సవర్ణదీర్ఘ సంధి ఎలా చేస్తారు? కలపకూడని మాటలు కలిపిన వైరి సమాసం కాదా?

జవాబు: వ్యాకరణం ప్రకారం మీ మాట నిజమే సార్. ఆ సంధి సంస్కృత పదాల మధ్యే జరగాలి. అయినా ఈ మాటను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. తోట గుత్తకిచ్చిన రైతు పేపర్లో ‘గుత్తాధిపత్యం’ చూస్తే సగం అర్థం తనంతట తానే పట్టుకుంటాడు. ‘ఏకస్వామ్యం’ అయితే ఎవరో విడమర్చి చెప్పాలి.

వ్యాఖ్య: అక్కా, మిర్చి అమ్మే రైతులు వేలమంది ఉండి, కొనేవాళ్లు నలుగురే కుమ్మక్కయితే దాన్నేమంటారు?

జవాబు: కొనుగోలు గుత్తాధిపత్యం అనొచ్చు. ఏకస్వామ్యం ఇక్కడ అసలు పనికిరాదు తమ్ముడూ. స్వామ్యం అంటే సొంతదారుతనం. యార్డులో బస్తా మీద స్వామ్యం రైతుదే, ధర మీద పెత్తనం మాత్రం కొనేవాళ్లది.