పొద్దున్నే తీసినా సూదితోక బాతులు షార్ప్‌గా రావడం లేదు, నీటి మీద గాలి అల్లాడింపు (చల్లగాలి, వెచ్చగాలి కలిసి దూరంగా ఉన్నవి వణికినట్టు కనిపించడం) ఎప్పుడు తగ్గుతుంది?

చోటు కోరింగ వైపు, తాళ్లరేవు దగ్గర వాడకుండా వదిలేసిన రొయ్యల చెరువు. సూదితోక బాతులు గట్టుకు 60-70 మీటర్ల దూరంలో ఉంటున్నాయి. అంతకన్నా దగ్గరికెళ్తే గుంపంతా లేచిపోతుంది, వలస వచ్చిన పిట్టల్ని అలా బెదరగొట్టే పని చెయ్యను.

లెన్సు 150-600 ఎంఎం జూమ్, 600 దగ్గరే వాడుతున్నా. 1/1600 సెకను, ఎఫ్ 8, ఐఎస్ఓ 1600 నుంచి 3200. పోతుబాతు మెడ పక్కగా పైకి పోయే సన్నటి తెల్లచార అంచు తల గోధుమరంగులో కలిసిపోతోంది, కన్ను చుక్కలా కూడా తేలదు. వరసగా 20 ఫ్రేములు కొడితే ఒకటో రెండో పర్వాలేదు.

ముందు ఫోకస్ అనుకున్నా. అదే లెన్సుతో 15 మీటర్లలో ఉన్న తెల్లకొంగ ఈక ఈకా విడిగా వచ్చింది, కాబట్టి అది కాదు. ఫిల్టరు తీసేశా, ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపేశా, 1/3200 దాకా పెంచా. తేడా లేదు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పెద్దది చేసి చూస్తే బాతుల వెనక జమ్ము ఆకుల అంచులు సన్నగా వణుకుతున్నాయి. పది దాటాక ఎండకు ఇలా జరగడం మామూలే, కానీ ఉదయం 6:45కే ఉంది! రాత్రి చలిగాలి కింద నీళ్లు ఇంకా వెచ్చగా ఉండటమే కారణమని నా అంచనా. నేల మీద పడుకుని తీస్తే ఇంకా ఎక్కువ, గట్టు మీద నిలబడి తీస్తే కాస్త నయం. మబ్బు రోజు ఇంకా దొరకలేదు.

డిసెంబరు, జనవరిలో డెల్టా చెరువుల మీద ఇంత దూరం నుంచి బాతుల్ని తీసేవాళ్లకు, ఏ గంటలో, ఎలాంటి గాలిలో ఈ వణుకు లేకుండా ఫొటోలు వస్తున్నాయి?